ఆమోస్ సాక్ష్యం, బెరిల్ చీటీ

పదకొండు రోజులుగా మేవిస్ వైల్‌మన్ తన చేతిసంచిని ఎవరి చేతికీ ఇవ్వడం లేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకుంటోంది, రొట్టెల కొట్లో చంకకింద ఇరికించుకుంటోంది, ఇంట్లో ఒంటరిగా ఉన్నా గది మారితే వెంట తీసుకెళ్తోంది. అందులో ఉన్నదల్లా కళ్ళజోడు డబ్బా, దగ్గుబిళ్ళలు, జిల్లా రికార్డు ఆఫీసులో తీయించుకున్న ఒక నకలు కాగితం. ఆ కాగితం బెరిల్ టూన్ కంట పడుతుందేమోనని భయం. ఇంకెవరు చూసినా ఆమెకు పోయేదేమీ లేదు.

మేవిస్‌కి డెబ్భై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. పదిహేనో ఏట హింక్లీ అనే ఊళ్ళో ఒక మేజోళ్ళ ఫ్యాక్టరీలో చేరి, అది మూతపడేదాకా ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే మిషను ముందు కూర్చుంది. అల్లికై వచ్చిన మేజోడుకి కాలివేళ్ళ దగ్గర నోరు తెరుచుకుని ఉంటుంది. దాన్ని మూయడం ఆమె పని. గుండ్రటి పళ్ళెం చుట్టూ సూదిమొనల్లాంటి ముళ్ళుంటాయి, ముల్లుకొక దారపు ఉచ్చు చొప్పున తొడగాలి. ఒక్కటి తప్పినా అక్కడ చిల్లు పడుతుంది. అది చూపు మీద సాగే పని కాదు, వేళ్ళకే కళ్ళుండాలి. మేవిస్ ఎడమచేతి వాటం మనిషి. అందరూ బొటనవేలి వైపు నుంచి మొదలుపెడితే ఆమె చిటికెన వేలి వైపు నుంచి, అదీ రెండు ఉచ్చులు ఒకే ముల్లుకి కలిపి మొదలుపెట్టేది. అలా చేస్తే గట్టిగా ఉంటుందని ఆమె నమ్మకం. ఎవరెన్నిసార్లు చెప్పినా మానలేదు.

పక్క మిషను బెరిల్‌ది. ముప్పై ఒక్క ఏళ్ళు భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నారు. ఫ్యాక్టరీ పోయాక కూడా మంగళవారం సంతకీ, ఆదివారం చర్చికీ కలిసే వెళ్తారు. మేవిస్‌కి జ్వరమొస్తే సూప్ తెచ్చేది బెరిల్, ఆమె ఇంటి రెండో తాళం ఉన్నది బెరిల్ దగ్గర. బెరిల్ లేకపోతే మేవిస్‌ని పలకరించేది రేడియో ఒక్కటే.

పనిలేని చేతులు ఊరుకోవు కదా, మేవిస్ పాత తాతల్ని వెతకడం మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో ఎవరి వంశం తవ్వినా నాలుగు తరాల కిందట మేజోళ్ళ మగ్గమే తగులుతుంది. కిటికీ పక్కన మగ్గం, దాని మీద వంగిన మగవాడు, కండెలు చుట్టే పిల్లలు, అంచులు కుట్టే ఆడవాళ్ళు. పెళ్ళిళ్ళ పుస్తకాలూ సమాధుల జాబితాలూ తిరగేసి ఇరుగుపొరుగు వాళ్ళకి వంశవృక్షాలు గీసిచ్చేది. అది చూసి బెరిల్‌కి ఆశ పుట్టింది.

"ఏమే బాతూ," అంది. ఆ ఊళ్ళో చనువున్న వాళ్ళంతా ఒకరినొకరు బాతూ అనే పిలుచుకుంటారు. "ఊరందరి తాతల్నీ తవ్విపోస్తున్నావు. మా ఈలైని పట్టిచ్చిందెవడో తవ్వి చెప్పవే. నా డెబ్భై అయిదో పుట్టినరోజుకి మావాళ్ళంతా వస్తారు. చర్చి హాల్లో నువ్వే లేచి చదవాలి."

ఈలై టూన్ కథ ఆ ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. పద్దెనిమిది వందల పన్నెండులో నాసిరకం మేజోళ్ళు చవగ్గా అల్లించి పనివాళ్ళ కడుపు కొడుతున్నారని, ముఖాలకి మసి పూసుకుని వెళ్ళి యజమానుల మగ్గాలు విరగ్గొట్టిన గుంపులో అతనున్నాడు. తన వాడలోవాడే ఎవడో పేరు చెప్పాడు. ఏడేళ్ళ శిక్ష వేసి ఆస్ట్రేలియా ఓడ ఎక్కించారు. మళ్ళీ రాలేదు. రెండొందల ఏళ్ళు గడిచినా బెరిల్ అన్న క్లారెన్స్ క్రిస్మస్ భోజనం దగ్గర గ్లాసెత్తి ఆ పేరు తెలియని వాణ్ణి తిట్టనిదే ముద్ద ముట్టడు.

ఇప్పుడా పేరు మేవిస్ సంచిలో, పాత కోర్టు వాంగ్మూలం నకల్లో ఉంది. సాక్షి: ఆమోస్ వైల్‌మన్, మేజోళ్ళ పనివాడు. గుంపులో ముఖాలు కనిపించలేదనీ, కానీ ఒక దగ్గు వినిపించిందనీ, తమ రెండిళ్ళకీ మధ్య గోడ పలుచనిది కాబట్టి ఈలై దగ్గు తనకు బాగా ఎరుకేననీ అతను చెప్పాడు. కింద సంతకం బదులు వంకరగా ఒక ఇంటూ గుర్తు. ఎందుకు చెప్పాడో మాత్రం కాగితంలో లేదు.

ఆ పేరు చూసిన రోజు మేవిస్ ఇంటికొచ్చి తన వంశవృక్షం తీసి చూసింది. ఆమోస్ ఆమె ముత్తాతకు తాత. అయినా ఆశ చావలేదు, ఆ పేరుతో ఇంకొకడు ఉండకూడదా అనుకుంది. మళ్ళీ మూడుసార్లు బస్సెక్కి వెళ్ళి పుస్తకాలన్నీ గాలించింది. దొరికాడు రెండో ఆమోస్. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పక్కపేజీలో చూస్తే వాడు తొమ్మిది నెలలకే పోయాడు. పసివాడు పోయాడని బాధపడాల్సింది పోయి, బతకలేదని వాడి మీద కోపం తెచ్చుకుంది.

నిజానికి తాతలనాటి తప్పుకి ఎవరైనా ఇంతగా వణుకుతారా అని అడగొచ్చు. వణకడానికి మేవిస్‌కి సొంత కారణం ఒకటుంది.

పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ఫ్యాక్టరీలో మనుషుల్ని తగ్గిస్తున్నారు. ఎవరి సరుకు బాగాలేదని వెనక్కి వస్తే వాళ్ళే ముందు ఇంటికి. మేవిస్ వాళ్ళమ్మ మంచాన పడి ఉంది, నిద్రల్లేవు, వేళ్ళు మాట వినడం లేదు. ఒక మధ్యాహ్నం డజను జతలు పూర్తిచేసి వెలుతురుకి పట్టి చూస్తే చిల్లులే చిల్లులు. విప్పి మళ్ళీ తొడిగే టైము లేదు. డజనుకొక సరుకు సంచి, ఒక్కో సంచిలో చేసినవాళ్ళ నంబరున్న చీటీ వెయ్యాలి. బెరిల్ చీటీల కట్ట చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. బెరిల్ బాత్రూముకి వెళ్ళింది. మేవిస్ ఒక చీటీ చింపి తన డజను ఉన్న సంచిలో వేసింది.

బెరిల్ పని పోలేదు గానీ మిషను పోయింది. ఆ డజన్ని హాలు మధ్యలో తాడుకి వేలాడదీశారు. మూడు నెలలు ఆమెను దాని కిందే మేజోళ్ళు జతకూర్చే బల్ల దగ్గర, కొత్తగా చేరిన పిల్లల మధ్య కూర్చోబెట్టారు. "చిల్లుల బెరిల్" అని పేరు పడింది. అదే ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసిన క్లారెన్స్‌కి ఆ పేరంటే మహా సరదా, ఇప్పటికీ ఫోను చేస్తే అలాగే పిలుస్తాడు. అది విన్నప్పుడల్లా మేవిస్‌కి చెవులు మూసుకోవాలనిపిస్తుంది. చెప్పేద్దామని వెయ్యిసార్లు నోరు తెరిచి, టీ కావాలా అని అడిగి ఊరుకుంది. ఇప్పుడు ఆమోస్ పేరు బయటపడితే, వైల్‌మన్ల రక్తమే అంత అని బెరిల్ వెనక్కి తిరిగి చూస్తుందేమో, చూస్తే ఆ డజను దాకా చూపు వెళ్తుందేమో.

శుక్రవారం వచ్చేసింది. తెల్లారితే పుట్టినరోజు. దొరకలేదని అబద్ధం చెప్పాలని దారి పొడుగునా ఆ మాటనే వల్లె వేసుకుంటూ మేవిస్ బెరిల్ ఇంటికి వెళ్ళింది. బెరిల్ వంటింట్లో బన్నుల్లో చీజు పెడుతోంది.

"నీ మొహమేమిటి అలా పాలిపోయింది?" అంది తలెత్తకుండానే. "దొరక్కపోతే దొరకలేదని చదువు. క్లారెన్స్‌కి చెప్పేశాను, మేవిస్ ఏం చెప్తే అదే నిజం, అది అబద్ధం చెప్పే మనిషి కాదు అని."

మేవిస్ వల్లె వేసుకున్న మాట వదిలేసింది. సంచిలోంచి కాగితం తీసి బన్నుల పక్కన పెట్టింది. బెరిల్ చేతులు తుడుచుకుని చదివింది. చివరిదాకా చదివి మళ్ళీ మొదటికొచ్చింది.

"మీ ఆమోసా," అంది చివరికి.

"మా ఆమోసే. ఇంకొకటి కూడా ఉంది, బెరిల్. డెబ్భై ఎనిమిదిలో ఆ డజను..."

"నీది," అంది బెరిల్. "తెలుసు."

ఎలా తెలుసని మేవిస్ అడిగింది.

"నా తల మీదే కదే వేలాడదీసింది? ప్రతి మేజోడుకీ చిటికెన వేలి దగ్గర రెండు ఉచ్చులు కలిపి ఉన్నాయి. ఊళ్ళో ఇంకెవత్తి చేస్తుంది ఆ తిక్కపని?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నిన్ను ఇంటికి పంపేవాళ్ళు, మీ అమ్మ మంచంలో ఉంది." బెరిల్ బన్ను ఒకటి గట్టిగా నొక్కింది. "అలాగని దేవతననుకోకు. రెండేళ్ళు నీ మొహం చూస్తే ఒళ్ళు మండేది. నువ్వే చెప్తావని చూశాను. చూసీ చూసీ ముసలిదాన్నయ్యాను."

మేవిస్ ఏడ్చింది. బెరిల్ ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. తర్వాత కాగితం మడిచి ఆమె సంచిలోనే పెట్టి, రేపు ఇది చదవమంది, ఆమోస్ పేరుతో సహా. చీటీ సంగతి మాత్రం తమ ఇద్దరి మధ్యే ఉండనిమ్మంది. క్లారెన్స్ ఒకసారి పగబడితే చచ్చేదాకా వదలడు.

మర్నాడు చర్చి హాల్లో ముప్పై మందిదాకా టూన్లు. కేకు కొయ్యగానే "మా చిల్లుల బెరిల్‌కి నూరేళ్ళు" అని క్లారెన్స్ గ్లాసెత్తాడు, అంతా నవ్వారు, బెరిల్ కూడా అలవాటుగా నవ్వింది. తర్వాత మేవిస్‌ని పిలిచారు. కాగితం బల్ల మీద పరిచి చదివింది. గోడ, దగ్గు, అన్నీ చదివింది. సాక్షి పేరు దగ్గరికి వచ్చి, "ఆమోస్ వైల్‌మన్. మా ముత్తాతకు తాత," అంది.

క్లారెన్స్ గ్లాసు కింద పెట్టి ఆమెనే చూస్తున్నాడు. చదవాల్సింది అయిపోయింది, ఇక కూర్చోవచ్చు. ముందు వరసలో బెరిల్ కూర్చోమని సైగ చేస్తోంది. పక్క కుర్చీ ఖాళీగా పెట్టి, మీద చెయ్యి వేసి ఉంచింది.

మేవిస్ కాగితం మడిచింది.

"ఇంకొకటుంది. ఇది కాగితంలో లేదు," అంది. బెరిల్ వద్దు వద్దని తల ఊపుతోంది. మేవిస్ అటు చూడకుండా క్లారెన్స్ వైపే చూసింది. "డెబ్భై ఎనిమిదిలో తాడుకి వేలాడదీసిన ఆ డజను బెరిల్‌ది కాదు. ఆ చిల్లులు నావి."