గోడ మీద అమ్మ వేలు

కొత్త రంగు వాసన ఇంకా ముక్కుకు తగులుతూనే ఉంది, దాని అడుగు నుంచి జీడి పిక్కలు కాల్చిన పొగ వాసన కూడా వస్తోంది. ఊళ్ళో మా పాతింటి గోడకి మొన్ననే రంగు వేయించాను. తీరా వెళ్ళి చూద్దును కదా, గడప పక్కన నల్ల మచ్చ మళ్ళీ పైకి వచ్చేసింది. పెయింటరు తేమ అన్నాడు. తేమా పాడా! అది మా అమ్మ వేలు.

ఉద్దానంలో మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, ఎండాకాలం వచ్చిందంటే ఒకవైపు జీడిపళ్ళ పులుపు వాసన, ఇంకోవైపు సముద్రం మీది ఉప్పుగాలి, ఆ గాలిలోనే కిడ్నీ జబ్బుతో మంచం పట్టినవాళ్ళ మూలుగులు. నాన్న ఆ జబ్బుతోనే పోయాక అమ్మ పలాసలో పిక్కలు కొట్టే పనిలో చేరింది. తెల్లటి పప్పు ఎక్కడెక్కడి పెళ్ళిళ్ళకో పోయేది, యజమాని ఇంటి మీద అంతస్తులు లేచేవి, అమ్మకి మాత్రం పిక్క తొక్కలోని సొన మిగిలేది. ఎంత బూడిద రాసుకున్నా ఆ సొన వేళ్ళ చర్మాన్ని తినేసేది. దగ్గరికి తీసుకుంటే ఆ నున్నటి వేళ్ళు నా చెంప మీద జారిపోయేవి, నాకెంత హాయిగా ఉండేదో!

రేషన్ కొట్టుకి వేలిముద్రల మిషను వచ్చింది. డీలరు అమ్మ చేత పది వేళ్ళూ పెట్టించి నవ్వాడు.

"ఏటప్పా, బతికే ఉన్నావా? మిసను నువ్వు నేవంతంది."

మిషను అమ్మ లేదంటోందని వరసలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దెయ్యం ఇసకలో నడిస్తే అడుగు పడదని నాయనమ్మ చెప్పేది మరి. ఖాళీ సంచితో ఇంటికొచ్చాం. మర్నాడు అమ్మ పని నుంచి రాగానే, కుండ మసి వేలికి పూసుకుని గోడ మీద అద్దే మా పిల్లల ఆట ఆమెతో ఆడించాను. నా వేలి కింద సుడి తిరిగిన గీతలు వచ్చాయి. సొన ఆరని అమ్మ వేలి కింద ఒట్టి నలుపు, ఒక్క గీత లేదు.

"అమ్మా, నువ్వు సచ్చిపోనావా?"

అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. నా బొటనవేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. తెల్లారి మిషను మీద నా వేలు పెట్టించింది, కార్డులో నా పేరూ ఉంది కాబట్టి బియ్యం వచ్చాయి.

అప్పట్నుంచి నెలనెలా మిషను ముందు నేనే నిలబడేదాన్ని. అమ్మ సంచి పట్టుకుని నా వెనకే ఉండేది, ఆమెని ఎవరూ పలకరించేవారు కాదు, ఆమె నడిచొచ్చిన చప్పుడు కూడా వినపడేది కాదు. వేసవిలో నా తోటి ఆడపిల్లలంతా తల్లుల పక్కన కూర్చుని పిక్కలు కొట్టేవారు. నన్ను మాత్రం అమ్మ ఆ పిక్కల పని గుమ్మం తొక్కనివ్వలేదు.

"పిక్క ముట్టేవంటే సూడు! మనింట్లో ఏలు నీకొక్కదానికే ఉంది."

అలా నేను బడికి పోయాను, ఉద్యోగంలో పడ్డాను. ఇప్పుడు నా వేలు పెడితే ఫోను తెరుచుకుంటుంది, ఆఫీసు తలుపు తెరుచుకుంటుంది. పలాసలో పిక్కలు కొట్టే యంత్రాలొచ్చాయి. రేషనుకి మొహం చూపించినా చాలంటున్నారు. అమ్మ పోయింది, చూపించడానికి ఆ మొహం లేదు. గోడ మీది నా గీతలు ఏనాడో సున్నంలో కలిసిపోయాయి, సొనతో పడ్డ అమ్మ నలుపు ఒక్కటే ఎన్ని పూతలేసినా పైకి వస్తోంది.

ఇంకో కోటు వేస్తానన్నాడు పెయింటరు. వద్దన్నాను. ఆ మచ్చ మీద నా బొటనవేలు ఆనించి, "ఉన్నావే అమ్మా, నువ్వు ఉన్నావు," అన్నాను, రేషన్ కొట్టు దాకా వినపడేంత గట్టిగా.