నలభై కళ్ళ వల

నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ కొత్తవాళ్ళకు ముందే చెబుతుంది. మీరూ అలాగే చదవండి.

పాతికేళ్ళ కిందట బందరులో నేను తాత్కాలికపు లెక్కల పంతుల్ని. ఆ రోజు బీజగణితం పాఠం ఇన్‌స్పెక్టరుగారికి నచ్చితేనే ఉద్యోగం ఖాయం. అందుకని ఏనుగును చుట్టేయగల విసురు వలను, అల్లిన పోలయ్య చేతనే గిలకలదిండి రేవు నుంచి మోయించి, తరగతి గోడకు కట్టించాను. మొదటి వరసలో నలభై కళ్ళు, అంటే అల్లికలోని గళ్ళు. ఆపైన వరస వరసకీ ఎనిమిదేసి పెరుగుతాయి. వరస సంఖ్యను ‘వ’ అనుకుని, నల్లబల్ల మీద 40 + 8వ అని రాసి, “ఏ వరస అడిగినా ఈ సూత్రమే చెప్పేస్తుంది!” అని గర్జించాను. తలపాగా ఊడింది.

“పదో వరసలో ఎన్ని?” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

“నూట ఇరవై, సార్!”

ఆయన లేచి ఒక్కొక్క కన్నే లెక్కపెట్టారు. నూట పన్నెండు!

“ఏమయ్యా పోలయ్యా, ఎనిమిది కళ్ళు తక్కువ అల్లావే!” అని కేకలేశాను.

“వల సరిగ్గానే ఉందండి పంతులుగారూ. మొదటి వరసలో పెంచేదేముందండీ? పెంపు రెండోదాన్నించే గదా!”

నిజమే, పదో వరసకు పెంపులు తొమ్మిదే. చటుక్కున 40 + 8(వ − 1) అని దిద్ది, పోలయ్యకు దణ్ణం పెట్టాను.

ఈ పై వాక్యం ఒక్కటే కల్పన. దిద్దిందీ, దణ్ణం పెట్టిందీ ఇన్‌స్పెక్టరుగారే. ఉద్యోగం ఇస్తూ ఆయన, “సూత్రం తప్పినందుకు కాదు, ముందు వలను అనుమానించినందుకు సిగ్గుపడండి” అన్నారు.