తుంటి ఎముక మీద రైఫిల్

నూజివీడు బయట మామిడితోట చివర లారీ మమ్మల్ని దించింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. వడగాలి. ఎర్రమట్టి. కోత అయిపోయిన చెట్లు. తోట దాటితే ఎత్తుగా పోసిన మట్టికట్ట, దాని ముందు టార్గెట్లు. కాలేజీ కేడెట్ల క్యాంపు, పదిరోజులు. యూనిఫాం మగవాళ్ల కొలతలది. ప్యాంటు కింద రెండు మడతలు పెట్టి బెల్టు బిగించాను. చేతికి పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చారు. చంటిపిల్లంత బరువు.

శిక్షణ ఇచ్చే సుబేదారు గారు మొదటిరోజే చెప్పారు. "ఆడపిల్లలు పడుకుని కాలిస్తే చాలు. నిలబడి కాల్చడం మీవల్ల కాదమ్మా."

"నేర్పి చూడండి సార్," అన్నాను.

"నోరు బాగానే లేస్తోంది. రైఫిల్ లేస్తుందో లేదో చూద్దాం." లైనంతా నవ్వింది.

నేర్పారు. సావధాన్‌లో ఉన్నట్టు నిటారుగా నిలబడాలి. మోచెయ్యి ఒంటికి తగలకూడదు. కాసేపటికే భుజం మండేది. రైఫిల్ గొట్టం కొన టార్గెట్ చుట్టూ ఈగలా తిరిగేది. టార్గెట్లు చూసే సీనియర్ కేడెట్ కట్ట దగ్గర్నించి కేకేసేది.

"ఒసేయ్, కాగితం కొత్తగానే ఉందే. రేపు కూడా వాడుకుందాం."

చివరిరోజు పోటీ. నిలబడి బాగా కాల్చినవాళ్లే జిల్లా జట్టుకు వెళ్తారు. నాకు వెళ్లాలని ఉంది.

ఓ సాయంత్రం నీళ్ల వంతు నాకు పడింది. మోటారు షెడ్డు దగ్గర బిందె నింపి ఎడమ తుంటి మీద పెట్టుకున్నాను. విస్సన్నపేటలో మా తోట కోతలప్పుడు ప్రతి వేసవీ మోసిన బరువే. నాలుగు అడుగులు వేశాక ఆగాను. బిందెను మోస్తున్నది చెయ్యి కాదు, తుంటి ఎముక. వెన్ను వెనక్కి వాలి ఉంది. నీళ్లు తొణకడం లేదు.

మర్నాడు ఎడమ పక్క టార్గెట్ వైపు పెట్టి నిలబడ్డాను. తుంటి ముందుకు నెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించాను. వెన్ను వాల్చాను. కళ్లు మూసి ఊపిరి వదిలి తెరిచాను. గొట్టం కుడికి చూస్తోంది. చేతులతో నెట్టలేదు. వెనక పాదం కాస్త జరిపాను. గొట్టం తనే మధ్యకు వచ్చింది.

"ఆ వంకరేంటి? సావధాన్," అన్నారు సుబేదారు గారు.

"వంకరగానే కాలుస్తానండి."

"అది ఆర్డరు."

"పోటీదాకా ఆగండి సార్. తగలకపోతే క్యాంపు గిన్నెలన్నీ నేనే తోముతాను."

"సాంబారు గుండిగలు కూడా."

"అలాగేనండి."

పోటీలో పది తూటాలు కాల్చాను. ఈసారి కట్ట దగ్గర్నించి కేక రాలేదు. సీనియర్ కేడెట్ కాగితం పట్టుకుని తనే నడిచి వచ్చింది. ఎనిమిది చిల్లులు నల్ల గుండ్రంలోనే ఉన్నాయి. సుబేదారు గారు కాగితాన్ని ఎండకెత్తి చూశారు.

"వంకర వంకరే," అన్నారు. జట్టులో నా పేరు రాయించారు.

యూనిఫాం అప్పగించి బస్సెక్కి ఇంటికొచ్చాను. ఏళ్లు గడిచాయి, ఇప్పుడు అదే తుంటి మీద మా పాప కూర్చుంటోంది. "అమ్మాయ్, అలా ఒరిగి నిలబడకు, పిల్ల జారిపోద్ది," అంటారు అత్తగారు. పాప పుట్టిన దగ్గర్నించి నాకు ప్రతిదానికీ భయమే. దగ్గుకు భయం, జ్వరానికి భయం. జారుతుందన్న భయం మాత్రం లేదు. "జారదండీ," అని అలాగే నిలబడతాను.

కళ్లు మూస్తే ఆ గొట్టం కొన కనిపిస్తుంది. ఎండలో, ఎర్రటి కట్ట ముందు, ఈగలా తిరగడం మానేసి, నల్లచుక్క కింద కదలకుండా వాలి ఉంటుంది.