ఏడు తూముల ఇల్లు

1954 ఎండాకాలంలో నన్ను పాతబస్తీలోని ఒక మునిసిపల్ సర్కిల్ ఆఫీసులో అసెస్‌మెంట్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. పేరు పెద్దదే గానీ ఉద్యోగం ప్రొబేషను మీద. రెండేళ్లు ఏ మచ్చా లేకుండా గడిస్తేనే పర్మినెంటు. నాకంటే ముందు ఆ కుర్చీలో ఉన్నాయన ఒక ఇల్లు చూడకుండానే చూసినట్టు రాశాడని తేలి, ఒక్క పూటలో ఇంటికి పోయాడు. ఆయన రూమీ టోపీ కిటికీ కొక్కానికి అట్లాగే వేలాడుతూ ఉండేది. ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు.

గౌలిపురలో మా ఇంట్లో ఆరుగురం. జీతం తెచ్చేది నేనొక్కణ్ణే. అందుకే ఇక్కడ నా భయం గురించే ఎక్కువ రాస్తాను. ధైర్యం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

ఇంటి పన్ను ఎట్లా వేసేవాళ్లమో ముందు చెప్పాలి. ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా వేస్తాం. దాన్ని బట్టే పన్ను. అంచనాకు గదుల సంఖ్య, పైకప్పు రకం, గోడల కొలతలు కావాలి. ఇన్‌స్పెక్టరు ప్రతి గదీ చూసి, ఫారం అడుగున "స్వయంగా చూసి రాసితిని" అన్న వాక్యం కింద సంతకం పెట్టాలి. ఆ తర్వాత యజమానికి నోటీసు పోతుంది. పన్ను ఎక్కువనిపిస్తే గడువులోగా ఉజర్‌దారీ, అంటే అభ్యంతరం, దాఖలు చేసుకోవచ్చు. దాన్ని మా పైఅధికారి విచారించి తేలుస్తాడు.

కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ పరదా పాటించే ఇళ్లలో జనానాలోకి, ఆడవాళ్లు మసలే లోపలి భాగంలోకి, పరాయి మగవాడు అడుగు పెట్టేదెట్లా? దానికి ఆఫీసులో పాతవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మిద్దె మీది వాన నీళ్లు సందులోకి పడడానికి గోడ పైభాగాన తూములుంటాయి. గదికొక తూము. సందులో నిలబడి తూములు లెక్కపెట్టు, అన్ని గదులు రాయి, తలుపు దగ్గర ఒకసారి అడిగి ఖాయం చేసుకో. మా హెడ్ క్లర్కు సత్తయ్య మొదటి వారంలోనే నాకు నేర్పిన విద్య ఇది.

ఖైరున్నీసా బేగం ఇల్లు నా జాబితాలో ఉంది. భర్త పోయి చాలా ఏళ్లయింది, అక్కతో కలిసి ఉంటోంది. సందు వైపు గోడ పెచ్చులూడినా నిటారుగా, హుందాగా ఉండేది. ఏడు తూములు లెక్కపెట్టాను. గుమ్మానికి గోనెపట్టా పరదా. ఏడు గదులేనా అమ్మా అని బయటి నుంచే అడిగాను. లోపల రెండు గొంతులు గుసగుసలాడుకున్నాయి.

"హా బాబు, ఏడే. రాస్కోండ్రి."

రాసి, సంతకం పెట్టి, పక్కింటికి పోయాను. మొత్తం పనికి పావుగంట పట్టలేదు. ఆ చురుకుదనానికి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

నోటీసు అందగానే ఆమె ఉజర్‌దారీ పంపింది. ఉర్దూలో రెండే వాక్యాలు. పన్ను ఎక్కువగా ఉన్నది, తగ్గించవలెను. కారణం రాయలేదు. కారణం లేని అర్జీ నిలవదని నాకు తెలుసు కాబట్టి దాని గురించి ఆలోచించలేదు.

విచారణ ఇంకా నాలుగు రోజులుందనగా అదే సందులో పోతుంటే వాన అందుకుంది. ఎదురింటి చూరు కింద నిలబడ్డాను. సందులో అన్ని ఇళ్ల తూములూ దబదబా పోస్తున్నాయి. ఖైరున్నీసా బేగం గోడకు మాత్రం రెండే పోస్తున్నాయి. మిగిలిన ఐదింటి నుంచి చుక్క రాలడం లేదు. చెత్త అడ్డం పడిందేమోనని మనసుకు నచ్చజెప్పుకోబోయాను. ఐదూ ఒక్కసారే మూసుకుపోవు కదా. తూములోంచి నీళ్లు రావాలంటే వెనక మిద్దె ఉండాలి. మిద్దె లేదు. ఆ ఐదు గదుల కప్పు ఎప్పుడో కూలిపోయింది, ముందు గోడ మాత్రం మిగిలింది. వాన వెలిసినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆఫీసుకు పోయి సత్తయ్యను పక్కకు పిలిచాను.

"సత్తన్నా, లేని గదులకు పన్నేసిన. చూసిన్నని సంతకం గూడ పెట్టిన. ఇప్పుడేం జెయ్యాలె?"

"గట్టిగ అనకు. ఆమె చెప్పది, నువ్వు చెప్పకు."

"ఆమెందుకు చెప్పది?"

"కప్పు కూలిందని ఒక్క ముక్క కాయితం మీదికొస్తే చాలు, ఇల్లు ఖతర్‌నాక్ అని ఖాళీ చేయిస్తరు. కార్వాన్ల మొన్న ఏమైంది, యాద్ లేదా?"

యాదుంది. కార్వాన్‌లో ఒకాయన పన్ను తగ్గించమని వేసుకున్న అర్జీలో, వెనక గోడ ఒరిగిందని తానే రాసుకున్నాడు. ఆ కాగితం పన్నుల విభాగం నుంచి కట్టడాల విభాగానికి పోయింది. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. సామానంతా ఎడ్లబండి ఎక్కింది.

ఆమె గుమ్మం వెనక ఎందుకు తటపటాయించిందో, అర్జీలో కారణం ఎందుకు రాయలేదో అప్పుడు అర్థమైంది. నిజం బయటపడితే ఆమెకు ఇల్లు పోతుంది, నాకు నౌకరీ పోతుంది. ఆ నాలుగు రోజులూ ఆమె విచారణకు రాకూడదని దేవుడికి మొక్కుకున్నాను. రాకపోతే అర్జీ దానంతటదే కొట్టుడుపోతుంది. ఒక ముసలావిడ ఆఫీసు మెట్లు ఎక్కకూడదని మొక్కుకున్నవాణ్ణి నేను.

ఆమె వచ్చింది. చుట్టూ పరదా కట్టిన రిక్షాలో వచ్చింది. అట్లాంటివారి కోసం అధికారి వరండాలో కుర్చీ వేయించుకుని, రిక్షాను మెట్ల దగ్గరికి రప్పించి విచారించడం రివాజు. నేను ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. అధికారి మంచివాడు, నిదానస్తుడు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. మంచివాడు ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతాడు.

పన్ను ఎందుకు ఎక్కువంటున్నారో చెప్పమన్నాడు. తాము ఇద్దరాడవాళ్లమే ఉంటామనీ, అంత ఇల్లు వాడుకోవడం లేదనీ ఆమె పరదా వెనక నుంచి చెప్పింది. వాడుకుంటున్నారా లేదా అన్నది లెక్కలోకి రాదనీ, గదులు ఉన్నాయా లేవా అన్నదే లెక్క అనీ ఆయన ఓపిగ్గా వివరించాడు. గదులు ఏడేనా, తక్కువున్నాయా అని అడిగాడు. పన్ను ఎక్కువైంది సాబ్ అని మాత్రమే ఆమె మళ్లీ అంది. ఆయన నా వైపు తిరిగాడు.

"మీరు లోపలికి పోయి చూసిన్రా?"

కిటికీలోంచి ఆ రూమీ టోపీ కనిపిస్తోంది.

"చూసిన సాబ్. ఏడున్నయి."

ఆ మాట అన్నాకే అసలు భయం మొదలైంది. పరాయి మగవాడు తన జనానాలో తిరిగి వచ్చానంటుంటే పరదానషీన్ మనిషి ఊరుకుంటుందా? ఈయన మా గడప తొక్కలేదని ఒక్క మాటంటే నా పని అయిపోయినట్టే. అధికారి రిక్షా వైపు చూసి, నిజమేనా అమ్మా అన్నాడు.

"నిజమే సాబ్. బాబు వచ్చి చూసిండు. మేము పక్కకు తప్పుకున్నం."

తీర్పు ఒక్క వాక్యం. ఉజర్‌దారీ కొట్టివేయడమైనది.

తీర్పు అందినట్టు ఆమె సంతకం తీసుకోవడం నా పని. అట్ట మీద కాగితం పెట్టి పరదా దగ్గర పట్టుకున్నాను. చెయ్యి బయటికొచ్చింది. సంతకం అయ్యాక ఆమె నాకు మాత్రమే వినపడేట్టు అంది.

"అల్లా మీకు మంచి చేస్తడు బాబు. మా పరదా నిలబెట్టిన్రు."

తనను కాపాడడానికే నేను అబద్ధమాడాననుకుంది. కాదని నేను చెప్పలేదు. అది చెప్పే ధైర్యమే ఉంటే అధికారికే చెప్పి ఉండేవాణ్ణి.

నా ప్రొబేషను ఏ మచ్చా లేకుండా పూర్తయింది. ఆమె లేని ఐదు గదులకు పన్ను కడుతూ పోయింది. కొన్నేళ్లకు నేనే ఉజర్‌దారీలు వినే హోదాకు వచ్చాను. ఈ ఉదంతం అప్పుడు నాకు పనికొచ్చింది. రెండు పక్షాలూ వాదించుకునే ఫైలును ఆఫీసులో కూర్చుని తేల్చవచ్చు. రెండు పక్షాలూ ఒకే మాట చెబితే మాత్రం అధికారి చెప్పులు తొడుక్కుని ఆ ఇంటికి పోవాలి, వీలైతే వాన పడేటప్పుడు పోవాలి. ఆడ ఉద్యోగిని వెంట తీసుకుపోయే పద్ధతి కూడా నేనే పెట్టాను.

అన్ని ఫైళ్లకూ అట్లాగే చేశాను, ఒక్కదానికి తప్ప. ఖైరున్నీసా బేగం ఇంటి రిజిస్టరు ఒకసారి తెప్పించి చూశాను. నా తర్వాత పోయిన ప్రతి ఇన్‌స్పెక్టరూ స్వయంగా చూసి రాసితినని సంతకం పెట్టాడు, ప్రతి ఒక్కడూ ఏడనే రాశాడు. దిద్దడం మొదలుపెడితే అన్నింటికంటే పైనున్న నా సంతకం దగ్గర మొదలుపెట్టాలి. రిజిస్టరు మూసి వెనక్కి పంపేశాను.