పొట్టేలు వస్తే కూసే బోర్డు

“ఏం చదివారు?” అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఐదో తరగతి తర్వాత బడి నన్ను వదిలేసింది కానీ నేను చదువును వదల్లేదు. రేడియోలు విప్పి, బిగించి నేర్చుకున్నాను. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఇంగ్లీషు పుస్తకాలను, పక్కన నిఘంటువు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను. కోస్తా నుంచి వచ్చి శంషాబాద్ బజారులో నా సగం జీవితం రేడియోలు, టీవీలు బాగుచేశాను. విమానాశ్రయం కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం ముందు భాగం పోయింది. మిగిలిన దాంట్లో మనిషి నిలబడే చోటు లేదు. ఆ ఏడాదే మా ఆవిడ పోయింది. తొండుపల్లిలో చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాను. నెత్తి మీద విమానాలు పోతుండేవి. వాటిలో వెళ్లేవాళ్లు నాకు తెలియదు, కింద ఉండేవాళ్లకు నాతో పనిలేదు.

నా గుమ్మం ముందు ఆగే మనిషి ఒక్కడే. గొర్రెల కాపరి, నాకంటే కొంచెం చిన్నవాడు. పొద్దున మందను తోలుకుపోతూ చెయ్యి ఊపేవాడు. సాయంత్రం తిరిగొస్తూ మా అరుగు మీద కూర్చుని టీ తాగేవాడు. అంతసేపూ మంద మా గోడ వారన గడ్డి కొరుకుతూ ఉండేది.

“అన్నా, నీ ఆంధ్ర తెలుగు రేడియోల వార్తల లెక్క ఉంటది. జర మా లెక్క మాట్లాడు” అనేవాడు.

“రేడియోలు బాగుచేసినవాడు రేడియోలాగే మాట్లాడతాడు మరి” అనేవాణ్ణి.

విమానాశ్రయం గోడ లేచాక అతను మేపుకునే బీడు ఆ గోడ లోపలికి పోయింది. ఇక కార్లు దూసుకుపోయే రోడ్డు దాటించి, అవతలి పొదల్లోకి తోలాల్సి వచ్చేది. దాటేటప్పుడు మంద చెదిరిపోయేది. ఇంటికి చేరాక చూసుకుంటే ఒకటి తక్కువ. ఏది తప్పిందో పోల్చుకుని వెతకడానికి వెళ్లేసరికి అది ఏ కారు కిందో, ఎవరి చేతిలోనో పడేది. అతని కొడుకు విమానాశ్రయానికి టాక్సీ నడిపేవాడు. ఒక సాయంత్రం మా గుమ్మం ముందే కారు ఆపి తండ్రి మీద విరుచుకుపడ్డాడు.

“బాపు, గిట్ల రోజుకో పరేషాన్ నాతోని కాదు. ఇంకొక్క గొర్రె పోయిందంటే మంద మొత్తం అమ్మేస్త. చెప్తున్న.”

“అమ్మి నన్నేం జెయ్యమంటవ్‌రా? నీ కార్ల కూసోని హారన్ కొట్టాల్నా?”

కొడుకు నవ్వాడు. తండ్రి నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మంద లేకపోతే అతనికి ఈ దారితో పనిలేదు. అతను ఈ దారిన రాకపోతే నా అరుగు మీద కూర్చునేవాడు లేడు. ఆ మాట పైకి అనలేదు కానీ మర్నాడే కోఠీ బస్సెక్కాను.

కోఠీలో విడిభాగాల దుకాణం ఒకటి నాకు పాత పరిచయం. దూరం నుంచి ట్యాగులను చదివే రీడర్ బోర్డు అక్కడ దొరుకుతుందని విన్నాను. బోర్డు అరచేతిలో ఇమిడిపోతుంది. దానితోపాటు చిన్న చిన్న బిళ్లలు ఇస్తారు, వాటినే ట్యాగులంటారు. ఒక్కో బిళ్లలో గుండీ అంత బ్యాటరీ. ప్రతి బిళ్లా తన నంబరును గాలిలోకి చెబుతూ ఉంటుంది, బోర్డు దూరం నుంచే వింటుంది. మామూలు రీడర్ రెండు బిళ్లలు ఒక్కసారి పలికితే తికమకపడుతుంది. ఇది మాత్రం మందంతా ఒక్కసారి మాట్లాడినా ఎవరి మాట వాళ్లదిగా విడదీసి వింటుంది. నాకు నచ్చింది అదే.

కౌంటర్లో కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు. “ఏ కాలేజ్ అంకుల్? మనవడి ప్రాజెక్టా?”

“నాదే.”

“అయితే రిపోర్టు కూడా ఇవ్వాలా? రెడీగా ఉంది. మీరు పేరు మార్చి బైండింగ్ చేయించుకోవడమే.”

“బుర్ర కూడా రెడీగా ఉంటే ఒకటి కట్టు, నువ్వే వాడుకుందువు గాని” అన్నాను. దుకాణంలో వాళ్లంతా నవ్వారు, వాడితో సహా. వాడికి తగల్లేదు. రేపు ఇంజనీరు కాబోయేవాడు తాను చెయ్యని పనికి తాను రాయని రిపోర్టు కొనుక్కుపోవచ్చు. పని చేద్దామని వచ్చిన ముసలాణ్ణి మాత్రం ఏ కాలేజీ అని నిలదీస్తారు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇంటికొచ్చి బోర్డుకు కరెంటు ఇవ్వగానే తనంతట తాను ఒకసారి కూసింది. లేచానని చెప్పడం దాని అలవాటు. బిళ్లను వాకిట్లోంచి లోపలికి తెస్తే మళ్లీ కూసింది. ఏ నంబరు రాలేదో కనబడేలా చిన్న తెర ఒకటి తగిలించాను. బిళ్లలన్నీ సంచిలో వేసుకుని కాపరి ఇంటికి వెళ్లి అతని భార్య చేతికిచ్చాను.

“ఇదేందన్నా?” అంది.

యంత్రాల మాట దేనికైనా తెలుగు మాట వెతకడం నా పాత జబ్బు. “తాయెత్తు అనుకోమ్మా. మెడలో కడితే గొర్రె తప్పిపోదు” అన్నాను. మాట భలే కుదిరిందని మురిసిపోయాను.

“మంచిదన్నా. ఎట్ల కట్టాల్నో నాకు తెల్వదా, నేను చూసుకుంట” అంది.

కట్టడం అయిందని కబురొచ్చిన రోజు బోర్డును తీసుకెళ్లి వాళ్ల దొడ్డి తలుపు పక్కన బిగించాను. సాయంత్రం మంద వచ్చింది. మొదటి గొర్రె నుంచి చివరి గొర్రె దాకా నా ముందు నుంచే లోపలికి పోయింది. బోర్డు కిక్కురుమనలేదు.

“పెద్దబాపు, నీ మిషన్ పండుకున్నట్టున్నది. పండనీ పాపం, లేపకు” అన్నాడు కాపరి కొడుకు.

మర్నాడు బోర్డు సంచిలో పెట్టుకుని మళ్లీ కోఠీ బయల్దేరాను. ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు ఇరుక్కుపోయినంతసేపూ ఆ కుర్రాడికి తిట్లు పోగుచేసుకున్నాను. వాడు బోర్డుకు కరెంటు పెట్టి, తన బిళ్ల ఒకటి దూరంగా ఊపాడు. కూసింది. “మంచిగనే ఉంది కదా అంకుల్” అన్నాడు. పోగుచేసిన తిట్లన్నీ అలాగే వెనక్కి మోసుకొచ్చుకున్నాను.

నేరుగా దొడ్డికే వెళ్లాను. ఎండలో గొర్రెల మెడల కింద ఏదో తళుక్కుమంది. వంగి చూస్తే రాగి.

“తాయెత్తంటివి గదన్నా” అంది కాపరి భార్య. “తాయెత్తు ఉత్తగ కడ్తరా ఎవరన్న? దర్గా కాడికి పోయి, సాబుతోని ఊదిపిచ్చి, అన్నిటికి రాగిరేకు చుట్టిపిచ్చిన.”

రాగిరేకు చుట్టేస్తే లోపలి తరంగం బయటికి రాదు. బిళ్లలన్నీ లోపల తమ నంబర్లు చెప్పుకుంటూనే ఉన్నాయి, వినేవాడికి అందడం లేదు.

“రేకు తీసెయ్యాలమ్మా.”

“కట్టినంక ఇప్పుతరా? మహిమ పోదూ? కట్టిన సంది ఒక్క గొర్రె పోలే. పనిచేసేదాన్ని ఖరాబ్ చేస్తవా అన్నా?”

నిజంగానే పోలేదు. కాపరే మధ్యలో కల్పించుకున్నాడు. “పొట్టేలుదొక్కటి ఇప్పుకో అన్నా. అది ముంగట నడుస్తది, దాని ఎంబడి మంద. అదొస్తే అందరొచ్చినట్టే.”

అలా ఒక్క తాయెత్తుకే రేకు ఊడింది. దొడ్డి దగ్గర బోర్డుతో పనిలేకపోయింది. తెచ్చి మా కిటికీకి కట్టుకున్నాను. మందనంతా ఒక్కసారి వినగలిగే బోర్డు ఒక్క పొట్టేలు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. సాయంత్రం అది కూయగానే స్టవ్ మీద టీ గిన్నె పెట్టేవాణ్ణి. కాపరి అరుగు ఎక్కేసరికి గ్లాసులు సిద్ధంగా ఉండేవి.

“మా ఇంటిదానికన్న ఈ పొట్టేలే నయం. నేనొస్తున్నట్టు ముందుగాల్నే చాయ్ చెప్తది” అని నవ్వేవాడు.

కొన్నాళ్లు అలా గడిచాయి. నాకు అవి మంచి రోజులు.

గొర్రె ఒక్కటీ పోలేదు. పోయింది గడ్డి. అవతలి పొదలు చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతారు. కాపరి మందను రావిర్యాల దాకా తోలుకెళ్లి చూశాడు, అక్కడా కంచెలే. గొర్రెను కాపాడ్డానికి తాయెత్తు ఉంది, బోర్డు ఉంది. గడ్డిని కాపాడేది ఏది? ఎవరిని అడగాలి? అడిగితే నన్ను మళ్లీ ఏం చదివావంటారు.

ఒకనాడు మధ్యాహ్నమే బోర్డు కూసింది. ఇంత పెందరాళే మళ్లించాడేమిటి, ఒంట్లో బాగాలేదా అనుకుంటూ టీ పెట్టి బయటికొచ్చాను. రోడ్డు మీద ఒక లారీ నెమ్మదిగా పోతోంది. పై చెక్కల మధ్య నుంచి గొర్రెల మూతులు. అన్నిటికంటే ముందు పొట్టేలు. డ్రైవరు పక్కన కాపరి కూర్చుని ఉన్నాడు. నా వైపు తిరగలేదు, ఎదుటి అద్దంలోంచి రోడ్డునే చూస్తున్నాడు. లారీ వినిపించే దూరంలో ఉన్నంతసేపూ బోర్డు కూస్తూనే ఉంది. తర్వాత ఆగింది. లోపల టీ పొంగి స్టవ్ ఆరిపోయింది.

కొన్ని వారాల తర్వాత అతనొకసారి వచ్చాడు. గేటు అవతలే నిలబడ్డాడు.

“లోపలికి రా తమ్ముడూ.”

“గొర్లు లేకుంట రానీకి ఎట్లనో అయితున్నదన్నా” అన్నాడు. వచ్చి కూర్చున్నాడు కానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. గోడ వారన గడ్డి ఏపుగా పెరిగి ఉంది. దాన్నే చూస్తూ టీ తాగాడు. లేచేటప్పుడు కిటికీ వైపు చెయ్యి చూపించి అడిగాడు.

“ఇగ ఇది మొత్తుకోదా?”

“మొత్తుకోదు.”

“మరి తీసెయ్ అన్నా.”

మళ్లీ రాలేదు. నేనూ తీయలేదు. మా వైపు కరెంటు తరచుగా పోతుంది. తిరిగి వచ్చినప్పుడు బోర్డు తన అలవాటు కొద్దీ ఒకసారి కూస్తుంది. ఎందుకు కూసిందో నాకు తెలుసు, బిగించింది నేనే. అయినా లేచి గుమ్మం దాకా వెళతాను.