చీకటి గదిలో నల్లద్దాలు

2023 వేసవి. చెన్నైలో విమాన ఇంజిన్ల విడిభాగాలు పరీక్షించే ఒక వర్క్‌షాపులో ఇన్‌స్పెక్టర్‌గా నాకది పంతొమ్మిదో ఏడు. ఇంజిన్లో బ్లేడ్లను పట్టుకుని నిమిషానికి వేల చుట్లు తిరిగే బరువైన చక్రాన్ని రోటర్ డిస్క్ అంటారు. బ్లేడు విరిగితే ఇంజిన్ కవచం ఆపగలదు. డిస్కే పగిలితే ఆ ముక్కల్ని కవచం కూడా ఆపలేదు. అందుకే కంటికి ఆనని పగుళ్ల కోసం దానికి పెనెట్రెంట్ అనే రంగునూనె పట్టించి, కడిగి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూస్తాం. పగులుంటే లోపల దాక్కున్న నూనె పచ్చగా మెరుస్తుంది.

ఆ ఉదయం మొదటి డిస్క్ చూశాను. ఎక్కడా మెరుపు లేదు. కాగితం మీద ముద్ర కొట్టి, నా పనితనానికి నేనే ముచ్చటపడుతూ టీకి బయల్దేరాను. తలుపు దగ్గర నా తోటి ఇన్‌స్పెక్టర్ మునిరత్నం ఎదురయ్యాడు. పుట్టి పెరిగింది ఇక్కడే, ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి.

"ఏందన్నా, చీకట్లోంచి హీరో మాదిరి నల్లద్దాలతో వస్తా ఉండావు?"

తీసి చూసుకున్నాను. ముందురోజు సాయంత్రం మైలాపూరులో కొన్న కళ్లద్దాలు. ఎండలోకి పోతే వాటంతటవే నల్లబడతాయని షాపాయన చెబితే మురిసిపోయాను. నల్లబరిచేది ఎండలోని అతినీలలోహిత కాంతే. మా దీపమూ అదే. అద్దాలు నల్లబడితే సన్నటి మెరుపు కంటికి ఆనదు. ఇలాంటి అద్దాలతో ఆ గదిలోకి రాకూడదని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది కూడా నేనే! చూసీచూడనట్టు పోయేవాళ్లను చాలామందిని చూశాను. నేను చూడకనే చూసినట్టు వచ్చేశాను.

"ఎవురికీ తెలీదులే అనుకోబాక. నాకు తెలుసు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు మునిరత్నం.

డిస్క్‌ను అప్పటికే పెట్టెలోకి ఎక్కిస్తున్నారు. దాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన విమాన సంస్థ ఇంజనీరు మాధవి, విజయవాడ అమ్మాయి, సంతకం పెట్టబోతోంది. చెబితే నా ముద్ర నాకు దక్కుతుందో లేదో.

"కాస్త ఆగమ్మా. దాన్ని నేను సరిగ్గా చూడలేదు."

"అదేంటి సార్, ముద్ర వేశారుగా!"

"వేశాను. చూడకుండా."

"సాయంత్రానికి ఇంజిన్లో ఎక్కించాలండీ! ఇప్పుడా చెప్పేది?"

"ఎక్కించాక చెబితే ఇంకా బాగుండదు కదమ్మా."

డిస్క్ మళ్లీ మొదట్నుంచి కడిగారు, మళ్లీ నూనె పట్టించారు. ఈసారి మునిరత్నం చూశాడు. మాధవి నాతో మాట్లాడకుండా గోడ గడియారంతో మాట్లాడుతూ కూర్చుంది. మూడు దాటాక మునిరత్నం బయటికొచ్చాడు.

"క్లీన్ అన్నా. ఏమీ లేదు."

మాధవి లేచింది. "పొద్దున మీరు చెప్పిందీ ఇదేగా సార్!"

"పొద్దున నాకు తెలీదమ్మా. ఇప్పుడు తెలుసు."

ఆమె నవ్వలేదు గానీ సంతకం పెట్టింది.

ఆ రోజు దొరికిన ఒకే ఒక్క లోపం నాది. నెల రోజులు నా ముద్ర లాక్కుని, కొత్తవాళ్లతో పాటు నన్నూ పాఠానికి కూర్చోబెట్టారు. ఈసారి శ్రద్ధగా విన్నాను. 'ఏమీ కనబడలేదు' అనడానికీ 'ఏమీ లేదు' అనడానికీ మధ్య ఒక పూట పని ఉంటుంది. ఆ పూట అందరిచేతా తిట్లు తిని ఆ పని చేయించుకున్నందుకు ఇప్పటికీ నాకు తృప్తిగానే ఉంది.