టీచరమ్మ గారి తుపాకీకి మైనం పూత

మా అత్తగారు మొన్న శుక్రవారం పొద్దున్న కన్నుమూశారు. రాజోలు దగ్గర మా ఊళ్ళో ఆవిడని అందరూ టీచరమ్మ గారనేవారు. సమాధుల తోట నుంచి ఇంటికొచ్చి కాళ్ళయినా కడుక్కోకముందే ఊరి పెద్దమనిషి ఒకాయన నా దగ్గరికొచ్చి, "ఇంకా ఆ తుపాకీ ఎందుకండీ, స్టేషన్లో ఇచ్చేసెయ్యండి" అన్నాడు. ఆవిడ బతికుండగా ఆ మాట ఆవిడ ముందు అనే ధైర్యం ఆయనకి లేకపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

అది డబుల్ బ్యారెల్ తుపాకీ. మా మావగారు మిలిటరీలో చేసి వచ్చి, కొబ్బరితోట కొనుక్కుని, తోట కాపలాకని లైసెన్సు తీసుకున్నారు. ఆయన తండ్రి ఆ ఊళ్ళోనే ఒకరి దగ్గర పాలేరు. పాలేరు కొడుకు ఇంట్లో తుపాకీ ఉండటం కొందరికి మింగుడు పడలేదు. మావగారు పోయాక, ఆడమనిషి కదా, తనే వదిలేస్తుందిలే అనుకున్నారు వాళ్ళు. ఆవిడ ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి లైసెన్సు తన పేరు మీదకి మార్పించుకున్నారు. తొంభైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆ తుపాకీ ఆవిడదే.

"మీరెప్పుడైనా పేల్చేరా అండీ, అత్తయ్యగారూ?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకమ్మాయ్ పేల్చడం? మనింట్లో ఉందని వాళ్ళకి తెలిస్తే చాలు" అన్నారు.

అది మా ఇంట్లో ఉండాలంటే తుప్పు పట్టకూడదు. మా వైపు గాలి సంగతి తెలిసిందే కదా, సముద్రం ఉప్పూ కాలవల చెమ్మా కలిసి తలుపు గడియల్ని కూడా తినేస్తాయి. పైగా ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. అక్కడి చెమ్మగదిలో పడి ఉండి, తిరిగొచ్చేసరికి చాలామంది తుపాకులు పాడైపోయేవి. తుప్పు పట్టిన తుపాకీ ప్రమాదం, లైసెన్సు పొడిగించం అనేస్తే ఇక చెప్పుకోవడానికేమీ ఉండదు. "ఆ సాకు నేనివ్వను" అనేవారు మా అత్తగారు. ఇవ్వలేదు కూడా.

ఎండ బాగా కాసిన పొద్దున్న తుపాకీ బయటికి తీసి, ముందు దాన్ని మధ్యలో మడిచి తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకునేవారు. పాత జిడ్డుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కాసేపు ఎండ చూపించేవారు. తేనెమైనం కరిగించి టర్పెంటైన్ కలిపిన ముద్ద ఒకటి కాఫీపొడి డబ్బాలో ఉండేది. దాన్ని వేలి చివరతో తీసి, గొట్టాల నీలిరంగు మీదా వెనక చెక్క మీదా, ఉందా లేదా అన్నంత పల్చగా పూసేవారు. అది మసకబారేదాకా ఆగి, మావగారి పాత పంచె ముక్కతో రుద్దేవారు. కదిలే చోట్ల మైనం తగలనిచ్చేవారు కాదు, అక్కడ మిషను నూనె చుక్క. పక్కన వంకాయలు తరుగుతూ నేనేమన్నా "ఆయ్" అని ఊరుకునేవారు.

"మావగారికి కూడా ఇంత సేవ చేసుండరు మీరు" అని వేళాకోళమాడితే మాత్రం నవ్వేవారు.

"ఆయనకి తుప్పు పట్టలేదమ్మాయ్."

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఏడు ఆవిడ కంటి ఆపరేషనుకి అమలాపురంలో ఉండిపోయారు, తోడుగా నేనూ ఉన్నాను. ఇంటి దగ్గరున్న ఆవిడ మరిది, మా చిన్నమావగారు, లైసెన్సు తనిఖీ దగ్గరపడిందని కంగారుపడి తుపాకీకి కొబ్బరినూనె పట్టించేశారు. కోనసీమ వాళ్ళం కదా, జుట్టు నుంచి తలుపు బందుల దాకా మాకు అన్నిటికీ అదే మందు. మేం వచ్చేసరికి తుపాకీ జిగటగా, పాతనూనె కంపు కొడుతూ ఉంది. దుమ్మంతా అంటుకుంది. చీమలు బారు కట్టాయి. నూనె తుడిస్తే, కింద గొట్టాల మీద ఆయన వేలిముద్రలు గోధుమరంగు మచ్చలుగా తేలాయి.

"బాగా పట్టించేనండీ వదినగారూ, ఇంక తుప్పు దాని జోలికి రాదు" అన్నారాయన సంతోషంగా.

"తలంటేరు సరే, సాంబ్రాణి ఎందుకు మానేసేరండీ?" అన్నారు మా అత్తగారు.

గదిలోకొచ్చి కూర్చున్నాక తలుపు దగ్గరికి వెయ్యమన్నారు. "ఇన్నేళ్ళూ వాళ్ళకి దొరకనిది మనమే చేతికిచ్చేమమ్మాయ్" అన్నారు. ఆవిడ భయపడగా నేను చూసింది ఆ ఒక్కసారే. డాక్టరు వంగొద్దన్నాడు కాబట్టి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఆవిడ చెబుతుంటే నేను చేశాను. జిడ్డు వదలగొట్టి, మచ్చల్ని మిషను నూనె గుడ్డతో మెల్లగా రుద్ది, ఆరాక మైనం పూశాను. "మందంగా పూస్తే మెరుపు రాదమ్మాయ్, మురికే" అని తుడిపించి మళ్ళీ పూయించారు. నా భుజాలు పడిపోయాయి, ఆవిడ జాలిపడలేదు.

తనిఖీ రోజున అధికారి తుపాకీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. తెల్ల రుమాలు తీసి గొట్టాల మీద ఒత్తి తుడిచాడు. రుమాలు తెల్లగానే ఉంది. ఏమీ దొరక్క చివరికి, "ఈ వయసులో మీకు తుపాకీ ఎందుకమ్మా?" అన్నాడు.

"నా పేరు మీద ఉంది కాబట్టండీ" అన్నారావిడ.

ఆయన సంతకం పెట్టాడు.

ఆవిడ దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. మనకి హక్కున్న వస్తువు మన దగ్గరెందుకుందని అడిగేవాళ్ళకి సంజాయిషీ చెప్పక్కర్లేదన్నది అందులో మొదటిది. మా అమ్మ కూడా నాకు ఆ ధైర్యం ఇవ్వలేదు. దానికి ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

నిన్న నేనే స్టేషనుకి వెళ్ళాను. లైసెన్సు ఉన్న మనిషి పోతే తుపాకీ అక్కడ ఉంచాలి, అది తప్పదు. రైటరు కాగితం ముందుకి లాక్కుని, "వదులుకుంటున్నట్టు రాసెయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు.

"కాదండీ. దాచమని ఇస్తున్నాను. లైసెన్సు నా పేరు మీద అడుగుతున్నాను."

అతను తలెత్తి నన్ను ఒకసారి చూసి, రాసుకున్నాడు. తుపాకీని లోపలి గదిలోకి తీసుకెళ్ళి, ఎర్రబారిన తుపాకుల వరస చివర నిలబెట్టాడు. తాళం వేసేదాకా నేను గుమ్మంలోంచి కదల్లేదు. ఆ చీకటి గదిలో ఒక్క మా తుపాకీ మీదే, పైనుంచి కిందిదాకా, సన్నటి వెలుగుగీత నిలబడి ఉంది.